ముంజెకాయలో బొటనవేలు

కన్యాకుమారి వదిన ముంజెలు చెంచాతో కదా తింటుంది, మరి పటంలో ఆ బొటనవేలు ముంజెకాయ కంట్లోకి కణుపు దాకా దిగి ఉందేమిటి, అని మాత్రమే ముందు తోచింది బుజ్జమ్మకి, ముఖం సంగతి తర్వాత, ముఖం ఎవరిదో కళ్లకి తెలిసినా మనసుకి ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది, వేసవి సెలవులు గనక ఆడపిల్లల బడి హాలులో బెంచీలన్నీ గోడవారకి తోసి పటాలు వేలాడదీశారు, ఉన్న ఒక్క ఫ్యాను కింద జనం గుంపు కట్టారు, ఆ తలల మధ్యనుంచి కనిపిస్తోంది, తాటాకు బుట్ట ముందు పెట్టుకు కూర్చున్న పిల్ల, బుజ్జమ్మ కట్టుకున్న ఆకుపచ్చ చీరే, బుజ్జమ్మ మోకాలు మడిచిన తీరే, కుడిచేతి బొటనవేలి మీద తొమ్మిదో ఏట గడ్డి కోస్తుంటే కొడవలికి తెగిన మచ్చ, తెల్లగా వంకరగా చిన్న వానపాములా, అదీ ఉంది, ఆ పైన మెడ, మెడ పైన కన్యాకుమారి వదిన, పచ్చటి ముఖంతో, తల ఎత్తి, నవ్వుతూ.

పదకొండు మధ్యాహ్నాలు కూర్చుంది, ఆవకాయ పనికి సాయమని విజయనగరంలో మేనత్త, కన్యాకుమారి తల్లి సుభద్రమ్మ ఇంటికి వచ్చింది తను, రాజాం అవతల పల్లెటూరి బళ్లో ఎనిమిది చదివి మానేసిన పిల్ల, ఆ ఇంటి ముందుగదిలో అద్దెకుండే డ్రాయింగు మేష్టారు భీమశంకరరావు ఒకనాడు అరుగు మీద తను ముంజెలు తినడం చూశాడు, చెంచా లేదు చాకు లేదు, బొటనవేలు కంట్లో గుచ్చి ఒక్క తిప్పు తిప్పితే ముంజె ఊడి నోట్లోకి జారే ఆ విద్య చూసి, ఆగు, కదలకు అన్నాడు, కదలలేదు, ఆ మర్నాటినుంచి రోజూ అన్నాలయ్యాక, వీధిలో గోలీసోడా బండి పోయే వేళకి, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లుకుని కూర్చునేవారు, తల కొంచెం వంచమ్మా, ఇంకొంచెం, ఆఁ, నావైపు చూడకు, అలాగే ఉండు, ఎంత మెత్తగా అన్నాడని, ఆ మెత్తదనానికే ఒళ్లు ఝల్లుమంది, ఇంట్లో ఎవరైనా తనవైపు చూశారంటే ఏదో పని చెప్పడానికే, చూడడానికని చూసిన మనిషి ఈయనొక్కడే అనుకుంది, వంచిన తలకి మేష్టారి పాదాలు కనిపించేవి, ఎడమకాలి బొటనవేలి గోటి మీద నీలిరంగు చుక్క, అది పదకొండు రోజులూ పోలేదు, ముంజెనీరు మోచేతి దాకా కారి ఆరి అట్టకట్టేది, చీమలు పట్టేవి, కరిచేవి, అయినా కదలలేదు, ఇప్పుడు పటంలో ఆ నీటిచార ఉంది, వెండితీగలా మెరుస్తోంది, చీమలు లేవు, పూర్తయ్యేదాకా బొమ్మ చూడకూడదనేవాడు, పని కాగానే గోనెగుడ్డ కప్పేసేవాడు, తను ఆ గుడ్డకేసి చూస్తూనే అమ్మకి కార్డు రాసింది, మేష్టారు నా బొమ్మ వేస్తున్నారు, అందరూ చూసేలా పెడతారట అని, అమ్మ లక్ష్మీనరసమ్మకి అక్షరం రాదు, గంగరాజు మావ చేత చదివించుకుని అతని చేతే జవాబు రాయించింది, రేపు మొదటి బస్సుకి వస్తోంది, పక్కింటి తవిటమ్మని కూడా వెంటబెట్టుకుని.

ఏటే అలా గుడ్లప్పగించి సూస్తన్నావు, అంటోంది అత్త విసనకర్ర ఊపుకుంటూ, బాగులేదేటి, మేష్టారు ముందే నన్నడిగాడే, ముఖం మట్టుకు మీ అమ్మాయిది పెడతానండీ, బొమ్మ తేటగా వస్తాది అన్నాడు, నానే సరేనన్నాను, నీకేటి పోయింది, సెయ్యి నీదే ఉంచాడు కదా, అంటే అది ఆ ఆదివారమే, మేడ మీద తాండ్ర చాపకి రెండో పూత పూసి కాకులు వాలకుండా కూకోవే అని తనను పంపిన ఆదివారం, కింద ముందుగదిలోంచి వదిన నవ్వు వినిపించింది, ఒక్క అరగంట, తనేమో ఎండకి కళ్లు చికిలించుకుని తాండ్ర అంచు గోటితో గిల్లి తింటూ ఈ ఏడు మామిడి ఎంత తియ్యగా ఉందో అనుకుంది, అరగంటకి ముఖం, పదకొండు రోజులకి చెయ్యి, ఒసే బుజ్జీ, నాకు సెంచా లేందే ముంజెలు తినడం రాదని ఈలెవరికీ సెప్పకే, నవ్వుతారు, అని వదిన చెవిలో గుసగుస, ఆమెకి నిజంగానే సిగ్గుగా ఉంది పాపం, అంతలో గుమ్మం దగ్గర గొడవ, రోజూ మేష్టారికి ముంజెకాయలు ఇచ్చే అసిరమ్మ గంప బయట దింపి లోపలికి తొంగిచూసి, ఓలమ్మ, ఆ కాయ నాదే, నాను కోసిచ్చిందే, ఆ ఏలు మన బుజ్జమ్మది, ఆ తలకాయ ఎవుల్దే, అని హాలంతా వినబడేలా అరిచింది, కొందరు నవ్వారు, మేష్టారూ నవ్వాడు, అసిరమ్మకి కాదు, పక్కనున్న పెద్దమనుషులకి చెబుతున్నాడు, ఉన్నదాన్ని ఉన్నట్టు దించితే అది ఫోటో అవుతుందండీ, కళాకారుడు ఎంచుకోవాలి, అవునవును అన్నారు వాళ్లు, కానీ ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి బుజ్జమ్మ ఎవరా అని వెతికారు, ఒక్క మాట, నేనే అంటే చాలు, చెయ్యి ఎత్తి చూపిస్తే అదీ అక్కర్లేదు, వేలేమో దానంతటదే పిడికిట్లోకి ముడుచుకుంది, పిడికిలి పమిటలోకి పోయింది, ఏయ్ ముసలీ బయటికి నడు అని బడి నౌకరు అసిరమ్మని తోశాడు, పోతన్నాలేరా, నీ అబ్బ సొమ్మేటి, అనుకుంటూ ఆమె గంప నెత్తికెత్తుకుంది, తిరిగి చూసింది ఒక్కసారి, తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

పల్లెపిల్లంటే ఇలాగుండాలి మేష్టారూ, అంటున్నాడు రాజాం బట్టల కొట్టు జగన్నాధం, చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది, అరవైతొమ్మిదికి మా కొట్టు క్యాలెండరు ఇదే, ఖాయం, ఎప్పుడూ దేవుళ్లేనేటి అని జనం ఇసుక్కుంటన్నారు, నాన్న ఏటా తెచ్చేది ఆ కొట్టు క్యాలెండరే, ధాన్యం గాదె పక్కన మేకుకి తగిలిస్తాడు, అంటే ఏడాది పొడుగునా వదిన ఆ గోడ మీద తన వేలితో ముంజెలు తింటూ తన ఇంటిని చూస్తూ ఉంటుంది, ఏదో పని మీద అటూ ఇటూ తిరిగే తనను కూడా.

సోడా తాగుదాం రాయే, నోరు పిడచకట్టుకుపోయింది అని అత్త గేటు దగ్గర బండి ఆపింది, సీసా చేతికిచ్చారు, చల్లగా, తడిగా, బొటనవేలు పెట్టి నొక్కితే గోలీ కిందకి దిగి బుస్సుమంది, ఆ వేలేదో పరాయిదైనట్టు చూసింది, రేపు అమ్మ వస్తుంది, ముఖం కోసం కూడా వెతకదు, ఆ కోత మీద పసుపు అద్ది గుడ్డ కట్టింది ఆమే గనక ముందు మచ్చే పట్టుకుంటుంది, తవిటమ్మ ముందు ఏమీ అనదు, బయటికొచ్చాక అడుగుతుంది, పదకొండు దినాలు కూకున్నావు, ఎవుల బొమ్మ రాస్తన్నాడో ఒక్కపాలి తలెత్తి సూడలేదేటే అని, ఏమని చెబుతుంది, తల వంచమన్నాడమ్మా అనా, ఎందుకు వంచమన్నాడే అంటే, ఎందుకు, సిగ్గు బాగుంటుందని అనుకుంది తను, ఎదురుగా ముఖంలోకి చూస్తే తనకి సిగ్గేస్తుందని మేష్టారే దయతలిచాడనుకుంది, సిగ్గు బొమ్మలోకి రావాలంటే వంచిన తలే వెయ్యాలి కదా, ఆ పటంలో తల ఎత్తి ఉంది, సోడా ముక్కుల్లోకి ఎక్కి కళ్లు మండాయి, ఆయన చూసింది వేలిని, మచ్చని, నీటిచారని, తన ముఖం మధ్యలో అడ్డు రాకుండా ఉండడానికే వంచమన్నది, దాపరికం కూడా లేదు, మొదటి మధ్యాహ్నమే చెప్పేశాడు, మెత్తగా, ఇంకొంచెం అని, తను ఇంకొంచెం వంచింది.