వరండాలోకి వచ్చిన కుర్చీ

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో, ఎత్తైన అద్దాల ఆఫీసుల నడుమ, దొరల భవంతి మళ్ళీ నిటారుగా నిలబడింది. కూలిన పైకప్పు కింద టేకు దూలాలు ఎక్కించి, గోడలకు డంగు సున్నం పూసి, దాన్ని నగర చరిత్ర మ్యూజియంగా మార్చారు. దాని బాధ్యత వర్షితది. గోపన్‌పల్లిలో పుట్టి, ఆ పక్కనే ఉన్న యూనివర్సిటీలో చరిత్ర చదివిన పిల్ల. ఇంటర్వ్యూలో "ఈ మ్యూజియం ఎవరి కోసం?" అని అడిగితే, "ముందు ఈ ఊరివాళ్ళ కోసం. వాళ్ళకు నచ్చితే నగరమంతా వస్తుంది" అని తడుముకోకుండా చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది.

తీరా ప్రారంభం దగ్గరపడ్డాక ఊరివాళ్ళెవరూ అటు తొంగి కూడా చూడలేదు. వర్షిత ఇంటింటికీ తిరిగి పిలిచింది. అందరూ మంచినీళ్ళిచ్చి "వస్తం బిడ్డా" అన్నారు. ఎవరూ రాలేదు. అయినా ఆమె బెంగపడలేదు. రానివాళ్ళకు రాకపోవడానికో కారణం ఉంటుంది, అదేదో తెలిసేదాకా అడుగుదామనుకుంది.

ఒక పొద్దున గేటు ముందు పెద్ద తెల్ల కారు ఆగింది. అందులోంచి వీరేశం దిగాడు. డెబ్బై దాటిన మనిషి, మడత నలగని తెల్ల చొక్కా. సాఫ్ట్‌వేర్ పిల్లలు కిరాయికుండే హాస్టల్ భవనాలు రెండు ఆయనవే. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, చెప్పులు విప్పకుండానే ఎక్కి, నేరుగా హాల్లోకి వచ్చాడు.

హాల్లో వర్షితతో పాటు గిరీష్ ఉన్నాడు. ఒకప్పుడు ఆ ఇంట్లోంచి ఊరిని ఏలిన దొరకు మనవడు. ఇప్పుడు బాచుపల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ నెలజీతానికి పనిచేస్తున్నాడు. కోర్టు కేసులు తెగాక, వాటాదారులందరినీ ఒప్పించి ఇంటిని మ్యూజియానికి రాసిచ్చింది అతనే. హాలు మధ్యలో తాత కుర్చీ ఉండాలన్నది మాత్రం అతని కోరిక. ఆ కుర్చీనే చూస్తూ నిలబడ్డాడు వీరేశం.

"బిడ్డా, ఈ కుర్చీ నాకిస్తవా? ఎంతంటె అంత ఇస్త."

"అమ్మేది కాదు పెద్దనాయినా. ఇది ఇగ అందరిది."

"అందరిదా?" ఆయన కుర్చీ పక్కనున్న పలకను వేలితో చూపించాడు. "ఏం రాసిన్రు? చదువు జర."

వర్షిత చదివింది. "టేకు కుర్చీ. చేతులకు దంతపు నగిషీ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళది."

"చెక్క గురించి రాసిన్రు, నగిషీ గురించి రాసిన్రు. దీని ముంగట నిలవడ్డోళ్ళ గురించి ఏది? గందుకే ఇంటికి తీస్కపోత అంటున్న. మా ఇంట్ల ఉంటె కనీసం మా పిల్లలకన్న చెప్పుకుంట."

"మీ పిల్లలకే ఎందుకు? అందరికీ చెప్పండి. ముందు నాకు చెప్పండి," అని స్టూలు తెచ్చి వేసింది వర్షిత.

ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"మా నాయిన సిటీల పనిచేసి సైకిల్ కొనుక్కున్నడు. గప్పుడు దొర ఇంటి ముంగటికెళ్ళి సైకిల్ తొక్కుకుంట పోవద్దు. దిగాలె, చెప్పులు చేతుల పట్టుకోవాలె. మా నాయిన దిగలే. దొర పిలిపిచ్చి, సైకిల్ భుజం మీద పెట్టిచ్చి, ఈ కుర్చీ ముంగట నిలవెట్టిండు. పొద్దుగూకేదాక."

గిరీష్ తల వంచుకున్నాడు.

"అప్పుడే తల దించకు చిన్నదొరా," అన్నాడు వీరేశం, దొర పోలికలు గుర్తుపట్టి. "నేను చెప్పొచ్చింది గది కాదు. తెల్లారి మా నాయిన మల్ల సైకిల్ ఎక్కిండు. ఎన్కనే ఊళ్ళె పోరగాళ్ళందరు నడిచిన్రు. ఈ ఇంటి ముంగటికి రాంగనే బెల్లు కొట్టుడు షురూ చేసిండు. ఆపకుంట కొట్టిండు. దొర లేచి నిలవడ్డడు గని, ఒక్క మాట అనలే. గా దినం సంది మా ఊళ్ళె ఎవ్వలు సైకిల్ దిగలే."

గిరీష్ తలెత్తాడు.

"మా నానమ్మ అనేది," అన్నాడు మెల్లగా. "సైకిల్ బెల్లు వినిపిస్తే చాలు, తాతకు చిర్రెత్తుకొచ్చేదట. ఈ కుర్చీ మొదట్లో బయట వరండాలోనే ఉండేదట. ఒకరోజు ఉన్నట్టుండి లోపల వేయించుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ వరండాలో కూర్చోలేదట. ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

వీరేశం అతన్ని కన్నార్పకుండా చూశాడు. "నిజమా? లోపలికి పోయిండా?"

"నిజమే. పోయాడు."

ముసలాయన ముఖమంతా నవ్వు పరుచుకుంది. "మా నాయినకు ఈ ముచ్చట తెలవకనే పాయె," అన్నాడు. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

వర్షిత ఆగలేదు. పనివాళ్ళను పిలిచి, కుర్చీని అప్పటికప్పుడే వరండాలోకి తెప్పించి, వీధికి ఎదురుగా పెట్టించింది. గిరీష్ నసిగాడు. "మా చిన్నాన్నలు ఊరుకోరండీ. తాతను బజార్లో పెట్టావంటారు."

"నా దగ్గరికి పంపండి. నేను మాట్లాడతా."

వాళ్ళు వచ్చారు కూడా. ఆమె కాఫీ ఇప్పించి, సైకిల్ బెల్లు సంగతి అబద్ధమని చెప్పగలిగితే చెప్పమంది. కాఫీ తాగి వెళ్ళిపోయారు. మ్యూజియం నడిపే ట్రస్టులో ఒక పెద్దాయన ఫోన్ చేసి, గొడవలెందుకమ్మా అన్నాడు. "గొడవ కాదు సార్, చరిత్ర. మన గేటు బోర్డు మీద రాసుకున్నది అదే కదా," అంది. కొత్త పలక మీద రెండు కుటుంబాల మాటలూ పక్కపక్కనే రాయించింది. తమ కుటుంబం మాట చివర గిరీష్ తన పేరు పెట్టమన్నాడు.

ప్రారంభం రోజు వీరేశం కారు గల్లీ గల్లీ తిరిగి ఊరిని పోగేసుకొచ్చింది. కిష్టమ్మ అనే ఆవిడ మొదటి మెట్టు మీద వంగి చెప్పులు విప్పబోతే, వెనకనుంచి నలుగురు ఒక్కసారే అరిచారు, "వద్దు, ఉండనియ్!" అందరూ నవ్వుతూ ఎక్కారు. హాస్టళ్ళ పిల్లలు, ఆఫీసుల వాళ్ళు వరండా నిండా గుమిగూడారు. వీరేశం కథ చెప్పాడు. బెల్లు దగ్గరికి రాగానే చెయ్యి గాల్లో పెట్టి బొటనవేలితో కొట్టి చూపించాడు. గిరీష్ తన వంతు చెప్పాడు. "చిన్నదొర" అని ఎవరో పిలిస్తే, "గిరీష్ అనండి చాలు," అన్నాడు.

జనం పలచబడ్డాక వీరేశం కుర్చీ దగ్గరికొచ్చాడు. దాని చేతి మీది దంతపు పువ్వును తడిమాడు.

"బిడ్డా, ఒక్కపారి కూసుంట."

వర్షితకు ఆయనంటే ఇష్టం ఏర్పడింది. అయినా తల అడ్డంగా ఊపింది. "ఎవ్వరూ కూసోవద్దు పెద్దనాయినా. గిరీష్ గారడిగినా గిదే చెప్పిన. మినిస్టర్ వచ్చినా గిదే చెప్త."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. చెయ్యి తీసేశాడు.

"గట్లనే ఉండనియ్," అన్నాడు తృప్తిగా. "ఖాళీగుంటెనే మంచిగుంది."