తడిసిన ముసుగు

యుట్టాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే. తన ఎనిమిది నెలల పిల్ల ఎన్లిన్ అత్తగారి చేతుల్లో పెరగడం. ఆ అత్తగారి కళ్లెదుటే పెద్దవాడు వెల్టిన్ చచ్చిపోయాడు.

వాడికి నాలుగేళ్లు. పిండి ఒలకబోశాడని వాళ్ల నాన్న లూట్స్ వాణ్ణి కాళ్లు పట్టుకుని ఎత్తి గోడకేసి కొట్టాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న యుట్టా ఆ చప్పుడుకి లోపలికి పరుగెత్తింది. అత్తగారు మెక్టిల్డ్ అక్కడే నిలబడి ఉంది, చేతులు కట్టుకుని. తరువాత ఊరిపెద్దల ముందు మాత్రం, "మెట్ల మీంచి జారాడు నాయనా, నేను చూస్తూనే ఉన్నాగా," అంది.

ఆ ఊరి కట్టుబాటులో మొగుడి మీద పెళ్లాం చెప్పిన మాట ఒంటరిగా చెల్లదు. చెల్లాలంటే ఇద్దరూ బరిలోకి దిగి కొట్టుకోవాలి. దేవుడు ఎవరి పక్కనుంటే నిజం వాళ్లది. మొగుడు ఓడితే తల తీస్తారు. పెళ్లాం ఓడితే బతికుండగానే పూడ్చేస్తారు. యుట్టా దిగుతానంది.

పెద్దలు తొమ్మిది రోజులు గడువిచ్చారు. ఆ తొమ్మిది రోజులూ ఆమెను మాంసం కొట్టు ఆడెల్‌హైట్ పిన్ని తన ఇంట్లో పెట్టుకుంది. పిల్లను మాత్రం పెద్దలు ఇవ్వలేదు, తండ్రి ఇంటి పిల్లట. పాలు గడ్డకట్టకుండా పొద్దునా సాయంత్రం పిండి పారబోసుకునేది యుట్టా. పిండేటప్పుడల్లా ఏడ్చేది.

"ఏడుపు ఆపి ఇటు చూడవే," అనేది పిన్ని. "ముప్పయ్యేళ్లు ఈ కత్తి పట్టినా నన్ను ఫలానావాడి పెళ్లామనే అన్నారు. ఆయన పోయాకే నాకో పేరుందని ఊరికి తెలిసింది. నీకు అంతకాలం ఆగే తీరిక లేదు."

కొక్కానికి వేలాడే పందిని చూపించి దాన్ని కొట్టమనేది. ఆయుధమంటే పెళ్లినాటి ముసుగుగుడ్డే, దాని కొసన ముడేసిన పిడికిలంత రాయి. పిన్ని ఒక కర్ర అడ్డం పెట్టేది. గుడ్డ కర్రకు చుట్టుకునేది గాని లాగగానే జారి వచ్చేసేది.

"పొడిగుడ్డే, అందుకే. తడిగుడ్డయితే జలగలా పట్టుకుంటుంది. ఏం లాభం, దిగేముందు ఆ సచ్చినోళ్లు గుడ్డను పిండి మరీ చూస్తారు."

పదో రోజు ఉదయం చేపల బజారు మధ్యలో నడుము లోతు గొయ్యి తవ్వి లూట్స్‌ను అందులో నిలబెట్టారు. ఎడమచేయి వీపుకు కట్టేశారు. మగవాడి బలానికి అదే తూకమట. అతనికి మూడు దుడ్డుకర్రలు, ఆమెకు మూడు రాళ్లు. అతని చెయ్యి నేలకు ఆనితే ఒక కర్ర ఇచ్చెయ్యాలి. ఇచ్చేటప్పుడు ఆమె కొడితే ఒక రాయి పోతుంది.

"రావే, ఇంట్లో లాగే దగ్గరికి రా," అన్నాడు లూట్స్. జనం నవ్వారు.

మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. మెడ దగ్గరి ఎముక పుటుక్కుమనడం ఆమెకే వినిపించింది. రెండో చేత్తో రాయి తిప్పి వదిలింది. లూట్స్ చెవి చీలి వేలాడింది. అతను తూలి నేల మీద చెయ్యి పెట్టాడు. కర్ర ఇస్తున్నాడని చూసుకోకుండా ఆమె మళ్లీ కొట్టింది. పళ్లు రాలాయి గాని ఆమెకూ ఒక రాయి పోయింది, ఇంకోటి గుడ్డకు ముడేసుకుంది.

"కళ్లు తెరిచి కొట్టవే దరిద్రురాలా!" అని పిన్ని కేక.

లూట్స్ ఆమె మడమ పట్టి లాగాడు. వెల్లకిలా పడిన ఆమె పొట్టలో కర్రతో రెండుసార్లు పొడిచాడు. ఆమె రక్తం కక్కుకుంటూనే అతని మోకు కట్టిన భుజాన్ని తన్నింది. మళ్లీ అతని చెయ్యి నేలకు ఆనింది. ఇక అతనికి మిగిలింది ఒక్క కర్ర.

అప్పుడే మెక్టిల్డ్ పిల్లను చంకనేసుకుని బరి చుట్టూ కట్టిన తాడు దగ్గరికొచ్చింది. కోడలు తన వైపు చూసేదాకా ఆగి, ఎన్లిన్ కుడి చేతిని గట్టిగా గిల్లింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపు చెవిన పడగానే యుట్టాకు పాలు చేపాయి. ఒంటికి బిగించి కుట్టిన చొక్కా పొట్టదాకా తడిసిపోయింది.

"చూడండర్రా, మా ఆవు చేపింది! చెంబు తెండి!" లూట్స్ రక్తపు నోటితో పకపకా నవ్వాడు. బజారంతా నవ్వింది. న్యాయం చెప్పే పెద్ద కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

యుట్టా సిగ్గుపడినట్టు తలదించుకుని ముసుగుగుడ్డతో గుండెలు తుడుచుకుంది. ఒకసారి కాదు, గుడ్డ నిండా తడిసేదాకా. ఆ నవ్వులో ఎవరూ పట్టించుకోలేదు.

లూట్స్ కర్ర ఎత్తాడు. ఆమె రాయి విసిరింది. గుడ్డ కర్రకు మూడు చుట్లు చుట్టుకుంది. ఈసారి జారలేదు. ఆమె వెనక్కి ఒరిగి, విరిగిన ఎముక లోపల గీసుకుంటున్నా, ఉన్న బరువంతా వేసి లాగింది. కర్ర అతని చేతిలోంచి ఊడొచ్చింది. అతను తేరుకునేలోపు ఆమె గొయ్యి వెనక్కి పాకి, అదే గుడ్డ మెడకు చుట్టి, అతని తలను గట్టు మీదికి వంచి మోకాలితో నొక్కింది.

"చెప్పు. వెల్టిన్ ఎలా పోయాడు?"

"జారి…"

ఆమె ఇంకో చుట్టు బిగించింది.

"నేనే! నేనే కొట్టా! అమ్మ చూసింది!"

తలారి అక్కడే ఉన్నాడు. గొయ్యిలోంచి లాగి, అక్కడికక్కడే ఒక్క వేటు వేశాడు. యుట్టా అటు చూడనేలేదు. తాడు వైపు చూసింది. మెక్టిల్డ్ లేదు. ఏడుపూ లేదు.

"నా పిల్లేది?"

న్యాయం చెప్పే పెద్ద ముందుకొచ్చాడు. "నీ ప్రాణం నువ్వు గెలుచుకున్నావమ్మా. పిల్ల తండ్రి వంశానిది. తండ్రి లేకపోతే బాబాయిది. మీ మరిది ఫోల్మర్ తీసుకెళ్లాడు, వాళ్లమ్మతో సహా."

"ఆవిడ అబద్ధం చెప్పిందిగా! మీరందరూ విన్నారుగా!"

"కొడుకు పోయిన ముసలిది, వదిలెయ్."

"అంటే నేను ఓడినా, గెలిచినా పిల్ల అక్కడికేనా?" అంది యుట్టా. పెద్దలు లేచి వెళ్లిపోయారు. పిన్ని ఒక్కతే ఆమె నడుం పట్టుకుని లేపింది.

ఫోల్మర్ గడప తొక్కితే పిల్లదొంగ కింద నీళ్లలో ముంచేస్తామన్నారు. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది. పాలు ఇంకా ఇంకిపోలేదు.

మీలో ఎవరైనా నదికి ఎగువన వెళ్తే, రెండో మలుపులో ఫోల్మర్ పిండిమర ఉంటుంది. పిండి కావాలన్న వంకతో లోపలికి వెళ్లండి. ఎన్లిన్‌కు ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ముద్దొచ్చినట్టే ఎత్తుకోండి, ముసలిది అటు తిరిగినప్పుడు కుడి చేతి మీది గుడ్డ పైకి తీసి, గిల్లిన గుర్తులున్నాయేమో ఒక్కసారి చూడండి.