కాశీకి వెళ్ళిన నీలం చీటీ

నేను ఒక దండేన్ని. నవ్వకండి. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఎప్పుడో ఒకప్పుడు పిలుపు వస్తుంది. దువ్వెన కనబడకపోతే ఇల్లు పీకి పందిరి వేస్తారు. చినుకు పడితే "అయ్యో, బట్టలు!" అని పరుగెత్తుకొస్తారు. నా దగ్గరికే వస్తారు, నా మీదివే పట్టుకుపోతారు. దండెం ఏదీ అని అడిగిన మనిషిని మాత్రం నేను చూడలేదు. ఆ మాట ఒక్కసారి వినాలని నాకు ఎప్పటినుంచో ఆశ.

నన్ను కాకినాడ దగ్గర ఒక రేకుల షెడ్డులో పేనారు. మూడు పేటల నైలాను తాడును. "ఒక్క పేట వదిలేశావంటే తాడు తాడంతా వంకర పోద్ది" అని పేనే ముసలాయన పక్కవాణ్ణి కసురుతూ ఉండేవాడు. పడవల కోసం పేనుతున్నారని తెలిసి, సముద్రం చూడబోతున్నానని తెగ మురిసిపోయాను. తీరా చూస్తే కొస ముక్కగా మిగిలిపోయి, లారీ ఎక్కి, హైదరాబాదు యూసఫ్‌గూడలో ఒక హార్డువేరు కొట్టులో తేలాను. నుదురు లేనివాళ్ళకి కూడా రాత తప్పదు మరి!

అక్కడ నన్ను కొన్నది సువర్చల. టీవీ సీరియల్ రాస్తుంది. మొదట్లో నన్ను బాల్కనీలోనే కట్టింది. ఆవిడ రాసే సీరియల్లో ఒకే ఇల్లు, ఆ ఇంట్లో బోలెడు కథలు. ఏ కథ ఎక్కడ ఆగిందో గుర్తుండాలని చీటీల మీద రాసి నేలంతా పరుచుకునేది. ఒకరోజు ఫ్యాను గాలికి పెళ్ళి చీటీ వెళ్ళి కోర్టు చీటీల్లో కలిసిపోయింది. విసుగొచ్చి, తడి బట్టలు కుర్చీల మీద పడేసి, నన్ను విప్పి తెచ్చి రాసుకునే గదిలో రెండు మేకులకి కట్టేసింది. ఆ రోజు నుంచి నా మీద చీరలకి బదులు కథలు ఆరాయి.

పసుపు చీటీలు ఆ ఇంటి పెద్దమ్మాయి మాధవి కాపురానివి. ఆకుపచ్చవి చిన్నకొడుకు ప్రేమవి. గులాబీవి పెద్దకొడుక్కీ వాడికీ నడుమ ఆస్తి తగాదావి. నీలంవి రుక్మిణత్తయ్యవి. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరి, అన్నగారి పిల్లలందరినీ తన చేతుల మీద పెంచిన మేనత్త ఆవిడ.

ఒక్క ఎపిసోడ్‌లో అన్ని కథలూ పట్టవు. "నడిచే కథ హాల్లో ఉంటే, ఆగిన కథ వంటింట్లో ఉన్నా ఫర్వాలేదు. దాని దగ్గు మాత్రం వినిపిస్తుండాలి" అనేది సువర్చల. అంటే, కనబడని మనిషి గురించి కనబడేవాళ్ళు ఒక్క ముక్కైనా మాట్లాడాలన్నమాట. మంచి సూత్రమే. ఛానల్ నుంచి జయంత్ వచ్చేదాకా బాగానే సాగింది. అతను ప్రతి సోమవారం వచ్చి, రేటింగులు చూసి, నా మీది చీటీలని బేరానికొచ్చిన చీరల్లా అటూ ఇటూ జరిపేవాడు. "ఈ వారం గులాబీ లేపుదాం మేడమ్" అంటాడు, రెండో వారానికి గులాబీ వాసనే పడదంటాడు.

చిన్నకొడుకు పెళ్ళీ మాధవి కడుపు పండటమూ ఒకేసారి వచ్చిపడ్డాయి. నీలానికి చోటు లేకపోయింది. సరేనని సువర్చల అత్తయ్యని ఓ రెండు వారాలు కాశీకి పంపింది. కథ ఆగితే దాని చీటీలన్నీ ఒకే క్లిప్పు కింద దొంతరగా పెట్టి కిటికీ కొసకి జరిపేయడం ఆవిడ అలవాటు. నీలం అక్కడికి చేరింది. అక్కడే ఉండిపోయింది.

పెళ్ళయింది. మాధవికి శ్రీమంతం అయింది, బిడ్డ పుట్టింది, బారసాల అయింది. చిన్నకొడుక్కి తలకి దెబ్బ తగిలి మతిమరుపు వచ్చింది, పోయింది. వాడికైతే కథ కోసం వచ్చింది, మిగతా ఇంటిల్లిపాదికీ ఊరికే వచ్చింది. అత్తయ్య సంగతి ఒక్కరికీ గుర్తులేదు!

అత్తయ్య వేషం వేసింది హైమావతి గారు. తెనాలి మనిషి, నాటకాల్లో పేరున్నావిడ. మొదట్లో ఫోన్ చేసి సరదాగా దెప్పేది. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనంటారు. ఇంతకీ నన్నెటు పంపావే తల్లీ?" సువర్చల నవ్వేసి, "రప్పిస్తాను పిన్నిగారూ" అనేది. పోనుపోను ఆ నవ్వు సన్నబడింది.

బారసాల ప్రసారమైన మర్నాడు హైమావతి గారే స్వయంగా వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, సరిగ్గా నా కింద కూర్చుంది.

"వేషం ఇమ్మని రాలేదమ్మా" అంది. "రోజూ టీవీ ముందు కూర్చుంటాను. నిన్న బారసాల చూశాను. ఆ మాధవికి తలంటి, జడేసి, అన్నం పెట్టింది నేను కదా! అది బిడ్డని ఉయ్యాల్లో వేస్తుంటే ఇంటినిండా జనం. ఒక్కరంటే ఒక్కరు 'అత్తయ్య ఏదీ?' అనలేదు. ఉత్త వేషమేనని నాకు తెలుసు. అయినా టీవీ కట్టేసి, అన్నం తినకుండానే పడుకున్నానమ్మా. ఒక్క మాట రాయవూ?"

నా మూడు పేటలూ ఝల్లుమన్నాయి. అది నా కోరికే! ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే ఆ కొంగు నా మీద ఆరేసుకోవాలనిపించింది.

సువర్చల రాసింది. ఒకసారి కాదు, చాలాసార్లు. వంటింట్లో మాధవి అత్తయ్యని తలుచుకున్నట్టు ఒకసారి, గుళ్ళో చిన్నకొడుకు తలుచుకున్నట్టు మరోసారి. నిడివి ఎక్కువైనప్పుడల్లా ముందు కత్తెర పడేది ఆ ముక్కకే. "ఆవిడెవరో ఎవరికి గుర్తుంది మేడమ్?" అనేవాడు జయంత్. గుర్తు చేస్తేగా గుర్తుండేది!

ఇంతలో హైమావతి గారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. తెనాలిలో చెల్లెలి కూతురి ఇంట్లో మంచాన పడింది. ఇంక షూటింగుకి రాలేదు. ఫోన్లు కూడా తగ్గిపోయాయి. కిటికీ ఎండకి నీలం చీటీలు వెలిసిపోతుంటే చూస్తూ ఉండటం తప్ప తాడు చేయగలిగిందేముంది?

ఆపైన ఒకనాడు జయంత్ వచ్చి సీరియల్ ఆపేస్తున్నామన్నాడు. ఉన్న కథలన్నీ రెండు వారాల్లో ముగించాలట. "కథ కంచికి పంపించేద్దాం మేడమ్."

"కథ కంచికి వెళ్తే సరిపోతుందా జయంత్? అత్తయ్య ఇంకా కాశీలోనే ఉంది."

"విడిగా సీన్ రాయకండి మేడమ్, చోటు లేదు."

అతను వెళ్ళాక సువర్చల నా దగ్గరికి వచ్చింది. నన్ను పట్టుకుని వేళ్ళ మధ్య అటూ ఇటూ పురి తిప్పింది. అప్పుడు కిటికీ కొస నుంచి ఒక నీలం చీటీ తీసింది. దాన్ని విడిగా పెట్టలేదు. పసుపునీ, ఆకుపచ్చనీ, గులాబీనీ దానితో కలిపి ఒకే క్లిప్పులో బిగించింది.

చివరి ఎపిసోడ్‌లో చిన్నకొడుకు కొత్త ఇంట్లో విందు. అన్నదమ్ములిద్దరూ ఒకే బంతిలో కూర్చునేది లేదని భీష్మించుకున్నారు. మాధవి ఇద్దరి పీటల మధ్య ఒక ఆకు వేసి అంటుంది: "ఇది అత్తయ్యది. ఆవిడ వచ్చేదాకా తీయకండి. వంకాయ మాత్రం వడ్డించకండి, ఆవిడకి పడదు." అన్న ఆ ఆకు వంక చూసి, "అవునూ, అత్తయ్య ఏదీ?" అంటాడు. తమ్ముడు తల దించుకుంటాడు. ఇద్దరూ వచ్చి ఆ ఆకుకి అటొకరూ ఇటొకరూ కూర్చుంటారు. తగాదా అక్కడే తీరుతుంది.

జయంత్ పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. "ఇది తీసేస్తే మొత్తం ఊడొస్తుంది మేడమ్!"

"అందుకే అలా రాశాను" అంది సువర్చల.

అది ప్రసారమైన మర్నాటి పొద్దున్నే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది.

"అడిగారమ్మా" అంది హైమావతి గారు. "వంకాయ సంగతి ఎప్పుడో మొదట్లో రాశావు, నేనే మర్చిపోయాను. చాలు తల్లీ. ఇంక కాశీలో ఎన్నాళ్ళయినా ఉంటాను."

సువర్చల ఫోన్ పెట్టేసి, నన్ను ఆనుకుని ఏడ్చింది. చెమ్మ ఆరబెట్టడం నాకు కొత్తా?

తరవాత చీటీలన్నీ దించేసింది. నేను ఉత్త క్లిప్పులతో మిగిలాను. సోమవారం వస్తే జయంత్ గోల కూడా లేదే అని బెంగపడ్డాను. కొన్నాళ్ళకి సువర్చల ఇల్లు మారే రోజు వచ్చింది. బీరువా దిగింది, బల్ల దిగింది, ఫ్యాను కూడా దిగింది. సామాను మోసేవాడు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏం లేదక్కా, రూమంతా ఖాళీ" అని కిందికి కేకేశాడు. నేను వాడి తలకి జానెడు ఎత్తులోనే ఉన్నాను. పోనీలే, వాణ్ణి అని ఏం లాభం? చూడని సముద్రం ఎలాగూ చూడలేదు. ఈ గది గోడలైనా అలవాటైనవే కదా అని సర్దిచెప్పుకున్నాను. కింద వ్యాను తలుపు మూసిన చప్పుడైంది. ఇంజను మోగింది. అంతలోనే ఆగింది. మెట్ల మీద గబగబా అడుగులు, వాటికంటే ముందు సువర్చల గొంతు.

"ఖాళీ ఏమిటయ్యా? దండెం ఏదీ?"