ఈత రానివాళ్ల చోటు

"ఎటెల్లేడే?" అని మామ నూకయ్య మరిడమ్మని అడిగాడు. పొద్దున్నే వెళ్లిన మొగుడు ఈశ్వర్ అన్నం వేళ దాటిపోయినా ఇల్లు చేరలేదు. ఇంజను పడవని పాలెం మగాళ్లు అప్పటికే నీళ్లలోకి తోసేశారు. ఇక ఎటు తిప్పాలో చెప్పాల్సింది ఆమే.

హుద్‌హుద్ తుఫానులో పడవ పోగొట్టుకుని అండమాన్ వెళ్లిన మనిషి ఈశ్వర్. అక్కడ వాడి పని చేపలు పట్టడం కాదు, చూపించడం. ఊళ్లు తిరగడానికొచ్చిన వాళ్ల కళ్లకి అద్దాలు కట్టి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్ల మీద బోర్లా పడుకోబెట్టేవాడు. వాళ్లు ఊపిరి పీలుస్తూ అడుగున తిరిగే చేపల్ని చూసి మురిసిపోయేవారు. ఆ సంగతి చెబితే పాలెం పాలెమంతా పగలబడి నవ్వింది. "సేపని సూడ్డానికి అంత దూరం ఎల్లాలేటి? మా ఇంటికి రమ్మను, పులుసులో సూపిస్తాం" అని పక్కింటి కూర్మమ్మ ముఖం మీదే అనేసింది. ఈశ్వర్ కూడా నవ్వాడు కానీ ఆ పిచ్చి మాత్రం వదల్లేదు.

తిరిగొచ్చాక రాజాంలో బట్టల కొట్టున్న రంగనాథం వాడిని పట్టుకున్నాడు. సరుగుడు తోటల పక్కన సముద్రం చూడొచ్చేవాళ్లకి గదులు కట్టిస్తున్నాననీ, ఈత రానివాళ్లు కూడా భయం లేకుండా దిగే చోటు ఒకటి చూపించమనీ అడిగాడు. అలాంటి చోటు దొరకడమంటే మాటలా! నడుం లోతు మించకూడదు. అడుగున మెత్తటి ఇసుక ఉండాలి. అల నేరుగా కొట్టకుండా రాళ్లు అడ్డుండాలి. బయటికి లాగే సుడి ఉండకూడదు. అన్నిటికీ మించి నీరు తేటగా ఉండాలి. మన సముద్రమేమైనా అండమాన్ సముద్రమా, ఏడాదిలో ముప్పాతిక భాగం కలక నీరే. ఉగాది ముందు ఆ కాసిన్ని రోజులే కాస్త అడుగు కనిపిస్తుంది. అందుకే వాడు రోజూ తెల్లారకుండానే లేచి తీరమంతా గాలిస్తున్నాడు.

"ఈత రానోడికి శత్రువు లోతు కాదే మరిడీ, కంగారు. కాలు కింద ఆనితే కంగారు పడడు" అనేవాడు.

ఇప్పుడు ఆమె అదంతా తల్చుకుంటూ నిలబడి ఉంటే నూకయ్య గొంతు పెంచాడు. "నిన్నే అడుగుతున్నాను. జంటరాళ్ల కాడికా, మొగ దాటి కొంగరాళ్ల కాడికా?"

జంటరాళ్లు ఊరిని ఆనుకునే, ఉత్తరాన ఉంటాయి. కొంగరాళ్లు దక్షిణాన, ఏరు సముద్రంలో కలిసే మొగకి అవతల. ఆ తీరంలో అలకి అడ్డంగా రాళ్లున్నవి ఈ రెండు చోట్లే, రెండూ రెండు దిక్కులు.

పొద్దున ఏం జరిగిందో మరిడమ్మ కళ్ల ముందే ఉంది. ఆమె చీపురుపల్లి సంతకి చేపల గంప సర్దుకుంటోంది. ఈశ్వర్ ఫోను తడుస్తుందని గూట్లో పెట్టి, అద్దమూ గొట్టమూ భుజాన వేసుకుని గుమ్మం దిగాడు. సముద్రం మీదికి పోయేవాడిని "ఎక్కడికి" అని అడగడం అపశకునం. ఆ మాట నాలిక చివర దాకా వచ్చినా మింగేయాలి. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అని అడగాలి. అదీ పద్ధతి. ఆమె అదే అడిగింది.

"దగ్గరే" అన్నాడు వాడు.

"దగ్గరే అన్నాడు మావా" అంది మరిడమ్మ.

అంతే, పడవ ఉత్తరానికి తిరిగింది. ఇంకెవరూ ఇంకో మాట అడగలేదు. దగ్గరంటే జంటరాళ్లే కదా.

మరిడమ్మ గట్టు వెంట పరిగెత్తింది. మగాళ్లు రాళ్ల చుట్టూ మునిగారు, తేలారు, మళ్లీ మునిగారు. పేరు పెట్టి అరిచారు. ఎండ తల మీంచి పక్కకి వాలింది. వాళ్లు మునిగినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టి, తేలినప్పుడల్లా వాళ్ల చేతుల్లోకి చూసింది. ఖాళీ చేతులు. ఒకసారి బతికున్నాడన్న ఆశతో, ఇంకోసారి ఇక్కడ లేడన్న ఆశతో గంగమ్మ తల్లికి మొక్కుకుంది.

అప్పుడు పడింది ఆమె చూపు నీళ్ల మీద. జంటరాళ్ల మధ్య నీరు బురద బురదగా ఉంది. చెయ్యి ముంచి చూస్తే అరచెయ్యే కనిపించడం లేదు. ఈ నీళ్లలో ఈశ్వర్ అద్దం పెట్టుకునే పనే లేదు, వచ్చినా చూసి వెనక్కి తిరిగేవాడు. మరి దగ్గరే అన్నాడే!

దగ్గరే అనక ఇంకేమంటాడు? ఒడిశా దాకా వేటకి పోయేవాడూ గుమ్మంలో దగ్గరే అంటాడు. మామ అలాగే అనేవాడు, ఆమె తండ్రీ అలాగే అనేవాడు. దూరమా అంటే దగ్గరే అనాలి, దానికి అర్థం వెతకకూడదు. ఈ సంగతి పాలెంలో పాలు తాగే పిల్లకీ తెలుసు. తెలిసీ, ఇంతమందీ ఆ మాట పట్టుకుని ఇంత పొద్దు పోగొట్టారు. తన నోటితో తనే పోగొట్టింది.

మరిడమ్మ మెడలోతు నీళ్లలోకి దిగిపోయి, పైట ఊడదీసి ఊపుతూ అరిచింది. "కొంగరాళ్లు! మావా, కొంగరాళ్ల కాడికి తిప్పండి!"

పడవ తిరిగింది. ఆమె మొగ దాకా పరిగెత్తి ఆగిపోయింది, అక్కడ దాటడానికి వీల్లేదు. పోటు ఎక్కి, సముద్రపు నీరు ఏట్లోకి తన్నుకొస్తోంది. అవతల కొంగరాళ్ల నెత్తులు మాత్రమే తేలి కనిపిస్తున్నాయి. పడవ అక్కడ ఆగింది. ఒకడు దూకాడు, ఇంకొకడు దూకాడు. బతికున్న మనిషి దొరికితే కేకేస్తారు. ఎంతసేపు చూసినా కేక రాలేదు. నూకయ్య పడవలో కూలబడి తల పట్టుకోవడం కనిపించాక, ఆమె ఇసుకలో పడిపోయింది.

ఈశ్వర్‌కి కావలసిన చోటు పొద్దున్నే దొరికింది. కొంగరాళ్ల నడుమ గుండ్రటి మడుగు, అడుగున ఇసుక, అద్దం లాంటి నీరు. పాటులో, నీరు వెనక్కి తీసినప్పుడు దిగితే నడుం లోతే. రాయి దొర్లి, పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంది. చుట్టుపక్కల సరుగుడు తోటలే తప్ప నరమానవుడు లేడు, అరిచినా వినేదెవరు? పోటు మొదలై నీరు రొమ్ము దాకా, గడ్డం దాకా ఎక్కింది. ముఖం మునిగాక గొట్టంతో ఊపిరి పీల్చుకుంటూ నిలబడ్డాడు. నీరు గొట్టాన్నీ దాటింది. ఈతకి మించిన లోతు లేదంటారు పెద్దలు. ఈతకొట్టడానికి కాలు కదలాలి కదా పాపం.

"ఒళ్లు ఇంకా బిగుసుకోనేదు" అని నూకయ్య ఎవరితోనో గుసగుసగా అనడం మరిడమ్మ వింది. ఆ మాట ఆమె వినకుండా ఉండాల్సింది.

చిన్నదినం కర్మ నాడు రంగనాథం వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ గదుల పని మానేశానని చెప్పి, "ఆ చోటు నిజంగా నడుం లోతేనా?" అని అడిగాడు.

"పాటులో నడుం లోతే బాబూ" అన్నాడు నూకయ్య.

ఆడవాళ్లంతా మరిడమ్మ చుట్టూ చేరారు. కూర్మమ్మ ఆమె తల నిమిరింది. "నీ తప్పేటీ నేదమ్మా. ఎక్కడికని అడిగి అపశకునం పెట్టనేదు. పద్ధతి ప్రకారం దూరమా అనే అడిగేవు" అంది. అవునవునన్నారు అందరూ. నూకయ్య కూడా కళ్లొత్తుకుంటూ, "నా కోడలు ఏనాడూ మాట జారనేదు" అన్నాడు.

మరిడమ్మ అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. మెచ్చుకుంటున్నారు. బతికినన్నాళ్లూ ఇలాగే మెచ్చుకుంటారు.

"జారుంటే బాగుండును మావా" అంది. "ఎక్కడికి బావా అని అడిగుంటే నా మీద గయ్యిమని లేచును. అపశకునపు ముండా అని తిట్టును. తిట్టి, కొంగరాళ్లకే అని సెప్పును."