గుల్ల గాజు

మూకుడులో ఉల్లిపాయలు ఎర్రబడుతున్నాయి, ఆమె మెడ కూడా. పై అంతస్తు ఇల్లు. వంటింటి నెత్తిన ఉన్నది ఒట్టి సిమెంటు కప్పు. కింద పొయ్యి, పైన ఎండ, మధ్యలో ఆమె. "ఇక్కడ నిలబడలేకపోతున్నానండీ" అని పెళ్ళయిన కొత్తలో ఒకసారి మొగుడితో అంది. "అలవాటైపోతుందిలే" అన్నాడాయన, పేపరులోంచి తల ఎత్తకుండానే. అది ఓదార్పనుకున్నాడు, పాపం.

ఉద్యోగానికి వెళతానన్నప్పుడు అత్తగారు మూతి మూడు వంకర్లు తిప్పింది. "వెళ్ళు తల్లీ, వెళ్ళు. ఇల్లు గుల్ల, ఒళ్ళు గుల్ల." దేవుడి వేళాకోళం కాకపోతే, అక్కడ లాబ్‌లో ఆమె చేసే పనే గుల్ల గాజు. పగిలిన సీసాలను పిండి చేసి, చిటికెడు బొగ్గుపొడి కలిపి కొలిమిలో పెడితే, కరిగే గాజులో బుడగలు పుట్టి రొట్టెలా పొంగి, వేడినాపే పలకవుతుంది. నిదానంగా చల్లార్చాలి, లేదంటే పగుళ్ళిస్తుంది. ప్రాణమంతా ఆ బుడగల్లోనే ఉంది. ఏ బుడగకా బుడగ మూసుకుని ఉంటే లోపలి గాలి కదలదు, అవతలికి దాటడానికి వేడి ఆపసోపాలు పడుతుంది. ఒకదాన్లోకి ఒకటి తెరుచుకున్నాయా, తడి చేరి పలక ఎందుకూ కొరగాదు. మూసుకుని ఉండడం ఆమెకు ఒకరు నేర్పాలా? ఇంట్లో పడ్డ ఒక్కో మాటనీ ఒక్కో బుడగలో పెట్టి మూసింది కాబట్టే కదా, ఆ సంసారం అంత చల్లగా ఉంది!

మొన్న లాబ్‌కి పెద్దమనుషులు వచ్చారు. ఆమె పలకకి ఒకవైపు మంట పెట్టించి, రెండోవైపు అరచెయ్యి ఆనించి నిలబడింది. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. "మేడమ్‌ది వంటింటి చెయ్యి సార్, వేడి అలవాటే" అన్నాడు ఆమె పై అధికారి. అందరూ నవ్వారు. ఆ బుడగల్ని ఒక తీరుకు తెచ్చిందెవరని ఒక్కరూ అడగలేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి మాత్రం చల్లగానే ఉంది.

పరీక్షలకు పోగా మిగిలిన పలకలు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఒక్క గది కప్పుకి సరిపోతాయి. వంటింటికనే ముచ్చటపడి తెచ్చుకుంది. చూడగానే ఆయన మొహం వెలిగింది.

"నా ఆఫీసు గది మీద వేయిద్దాం."

"వంటింటికని తెచ్చానండీ."

"పొయ్యి ఉన్నచోట చల్లదనమేంటే, పిచ్చిదానా!"

"మగాడు ఉక్కలో కూర్చుని పనిచేస్తాడా?" అత్తగారు అందుకుంది. కోడలు చేసేది పని కాదు కనక ఉక్కలో చెయ్యొచ్చు. ఆమె అలవాటుగా ఆ మాటనీ మూయబోయింది. ఈసారి మూతపడలేదు.

ఇప్పుడు డాబా మీద తాపీ మేస్త్రి పలకలు పరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఉల్లిపాయలు మాడుతున్నాయి. ఆమె పొయ్యి కట్టేసి మెట్లెక్కింది.

"అక్కడ కాదు మేస్త్రీ. వంటింటి మీద వెయ్యండి."

"సారు ఆఫీసు గదన్నారమ్మా?"

"ఆ పలకలు చేసింది సారు కాదు."

మేస్త్రి ఒక క్షణం ఆమె మొహం చూసి, పరిచిన పలకలు తీయడం మొదలెట్టాడు. ఆ చప్పుడుకి ఆయన కింద మెట్ల దగ్గరికొచ్చి తలెత్తాడు. "ఏం చేస్తున్నావు? మరి నా గది?"

ఆమె పిట్టగోడ మీద చేతులు ఆనించి కిందికి వంగింది. గోడ కాలుతోంది. చేతులు తీయలేదు.

"అలవాటైపోతుందిలెండి."