సార్‌కు ఇష్టమైన కూర

"శాలువా జర పైలంగ ఇస్త్రీ చెయ్యి విమలా. జరీ కాలితే ఇజ్జత్ పోతది," అన్నాడు నా భర్త రామ్‌చందర్ అద్దం ముందు నిలబడి. కిందటి నెల రవీంద్రభారతి సన్మానంలో కప్పిన శాలువా అది. ఇవాళ ధూల్‌పేట్ ఆడపిల్లల బడికి ఆయన కట్టించిన కంప్యూటర్ గది ప్రారంభం. పాతబస్తీలో మొదటి కంప్యూటర్ కంపెనీ పెట్టిన మనిషని పేపర్లు ఆయన్ను ఆకాశానికెత్తుతున్నాయి.

ఎత్తనీ. తొంభై రెండులో, నయాపూల్‌లో మామగారి నూనె దుకాణం మీది గదిలో, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని దుకాణాల బిల్లుల ప్రోగ్రాం రాసింది నేను. బేగంబజార్ అంతా తిరిగి అమ్మింది ఆయన. అమ్మడం చిన్న పని అనను. కానీ కంపెనీ పెరగగానే మా అత్త నాగమణమ్మ ఒక్క మాటతో నన్ను మెట్లు దింపేసింది. "ఇగ మొగోళ్ళను పెట్టుకున్నడు గద బిడ్డా, నీకేం ఫికర్? పొయ్యి సంగతి చూడు." అప్పటి నుంచి పొయ్యే చూస్తున్నాను.

నిన్న ఆయన్ను అడిగాను, సాయంత్రం ఒక గంట ఆ పిల్లలకు పాఠం చెబుతానని. అలా బతిమాలుకుంటున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. "జనం నవ్వుతరు. రామ్‌చందర్ పెండ్లాం పంతులమ్మ అయిందని," అన్నాడు.

వేదిక మీద ఆయనకు ఇంకో శాలువా, నాకు పళ్ళెంలో పసుపు కుంకుమ, రవికె గుడ్డ. పెద్ద టీచరు మైకు నా ముందు పెట్టింది. "సార్‌కు ఏం కూరంటే ఇష్టం మేడమ్?" ప్రతి సన్మానంలోనూ అదే అడుగుతారు. గుత్తివంకాయ అంటాను, అందరూ నవ్వుతారు.

"సార్ అమ్మిన మొదటి ప్రోగ్రాం నేను రాసిన," అన్నాను. "రేపటి సంది ఈ పిల్లలకు నేను పాఠం చెప్త."

చప్పట్లు మోగాయి. ఆయనా కొట్టక తప్పలేదు.

కంప్యూటర్ గదిలోకి వెళ్ళగానే ఒక పిల్ల నాకు కుర్చీ లాగింది. "జర చూపెట్టుండ్రి మేడమ్." తెర నిండా రంగుల బొమ్మలు. నాకు తెలిసిన నల్ల తెర, తెల్ల అక్షరాలు ఎక్కడా లేవు. మౌస్ పట్టుకుంటే బాణం ఒక చోట నిలవదు. ఇన్నేళ్ళలో నేను కొత్తగా నేర్చుకున్నవన్నీ కూరలే. భూమి చీలి అందులోకి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

వెనక నుంచి ఆయన మెల్లగా అన్నాడు. "చెప్పిన గద. పోదాం పా. ఇంటికి చుట్టాలొస్తున్నరు, వంకాయ చెయ్యాలె."

లేచాను. ఆయన పక్కన నిలబడలేదు, పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. పాఠం చెప్పడానికి వచ్చిన కుర్ర టీచరు రచన నన్నే చూస్తోంది.

"మొదటి నుంచి చెప్పమ్మా," అన్నాను ఆమెతో. తర్వాత ఆయన వైపు తిరిగాను.

"వంకాయ మీరు చేసుకోండ్రి. నాకు క్లాసున్నది."