దీపం పెట్టుకోమంటారా?

ఆయన తన యాభై ఎనిమిదేళ్ల జీవితంలో పరాయివాళ్ల గడ్డిపరకనైనా అడక్కుండా ముట్టుకోలేదు. పక్కింటి గాలి తన కిటికీలోంచి వస్తే, గోడ మీదుగా తల పైకి పెట్టి "కాస్త పీల్చుకోమంటారా?" అని అడిగి మరీ పీల్చేవాడు. అలాంటి మనిషి ఆ ఉదయం తొమ్మిదింటికి జిరాక్స్ మిషను మూత ఎత్తి, మెత్తటి గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు.

తుడిచాక తెల్లకాగితాల కట్ట విప్పి, ఒకదానికొకటి అంటుకోకుండా బొటనవేలితో అంచులు జారవిడిచి ట్రేలో పెట్టాడు. మనిషి సన్నం. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. మిషను నల్లపొడి ముప్ఫై ఏళ్లుగా గోళ్లలోకి దిగి, ఏ సబ్బుకూ లొంగకుండా అక్కడే కాపురం పెట్టింది. దుకాణం ఎంత ఇరుకంటే, లోపలికి వచ్చినవాడికి తుమ్ము వస్తే బయటికి వెళ్లి తుమ్మి రావాలి.

ఆ ఇరుకులోనే ఒక మూల కంప్యూటర్ ఉంది. ఆ కంప్యూటర్లో ఒక రైల్వే స్టేషన్ ఉంది.

అది రైలు నడిపే ఆట. దాన్ని తయారుచేసినవాళ్లు నాలుగు స్టేషన్లూ రెండు ఇంజన్లూ ఇచ్చి ఊరుకున్నారు. మిగిలిందంతా ఆడేవాళ్లే గీసి ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఒకరు చెట్లు గీస్తారు, ఒకరు సిగ్నల్ స్తంభాలు, ఒకరు రైలు పెట్టెలు. అంతా ఉచితమే గానీ దానికో మర్యాద ఉంది. ప్రతి బొమ్మతోనూ ఒక చీటీ వస్తుంది. 'నా పేరు రాస్తే చాలు' అని కొందరి చీటీ, 'ముందు ఒక మాట అడగండి' అని కొందరిది. మన జిరాక్సాయన గీసేవి తుప్పు, చెమ్మ, పెచ్చులూడిన సున్నం. కొత్తగా మెరిసిపోయే గోడని రెండు రోజుల్లో ముసలిదాన్ని చేసి ఇస్తాడు. అందుకే ఆ బృందంలో ఆయన్ని మరకలాయన అంటారు.

మరకల కోసం వీధుల వెంట తిరిగి ఫోటోలు తీసుకునేవాడు. ఒకసారి ఒక ఇంటి గోడ మీద చెమ్మ మరక కనిపించింది. అచ్చం పడుకున్న ఏనుగు. తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఈయన తలుపు తట్టాడు. "మీ గోడ మీద చెమ్మ చాలా బాగుందండీ. ఫోటో తీసి వాడుకోవచ్చా?" ఆ ఇంటాయన ఎగాదిగా చూసి, ఆలోచించి చెబుతానని తలుపేసుకున్నాడు. మర్నాడు ఈయన వెళ్లేసరికి గోడ తెల్లగా ధగధగలాడుతోంది. రాత్రికి రాత్రే సున్నం కొట్టించాడు. ఏనుగు పోయింది. ఈయన కాసేపు నిలబడి చూసి, మళ్లీ తలుపు తట్టి, "పోనీ, ఈ సున్నం ఫోటో తీసుకోవచ్చా?" అన్నాడట.

నాలుగేళ్లుగా కట్టుకుంటున్న ఆ స్టేషన్ని ఇవాళ సాయంత్రం అందరికీ ఇచ్చేస్తానని మాట ఇచ్చాడు. బల్లలు, టిక్కెట్ల కిటికీ, నీళ్ల తొట్టి, చెప్పుల రాపిడికి నున్నబడ్డ మెట్లు, అన్నీ సొంతం. ఒక్క దీపం మాత్రం తనది కాదు. వంగిన ఇనప కమ్మీ, దానికి పళ్లెంలాంటి రేకు గొడుగు, ఒక పక్క కాస్త సొట్ట. ఆ వెలుగు తెల్లనా పచ్చనా అంటే చెప్పలేం గానీ, దాని కింద నిలబడ్డవాడు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటాడు. గీసినాయన్ని అందరూ దీపాలాయన అంటారు. ఆయన చీటీలో రెండే మాటలు: 'పెట్టుకోవచ్చు. పెట్టుకునే ముందు అడగండి.'

ఏడు నెలల్లో కంప్యూటర్‌లోనే ఆయనకి మూడు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. సొంతంగా ఒక దీపం గీసి చూస్తే, స్తంభానికి బోర్లించిన గిన్నెలా వచ్చింది.

మధ్యాహ్నం అక్క క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఆయనకంటే ఆరేళ్లు పెద్దది. గిన్నెలు విప్పుతూనే మొదలుపెట్టింది.

"జవాబొచ్చిందిట్రా?"

"లేదక్కా."

"లేని ఊరు, లేని స్టేషను, లేని దీపం. దానికి అనుమతిట! ఆ దీపం ఎంతమంది పెట్టేసుకున్నారన్నావ్?"

"రెండొందల పైనే. మా వాళ్లూ అదే అంటున్నారు. ఏడు నెలలు చూశావు కదా, పేరు రాసి పెట్టెయ్ అని."

"మరి పెట్టెయ్."

"పేరు రాయడం వేరు, అడగడం వేరు. జవాబు రాకపోతే సరేనన్నట్టు కాదక్కా."

"నీకు పిల్లనెందుకు ఇవ్వలేదో ఇప్పటికి తెలిసిందిరా నాయనా. వాళ్లు జవాబు చెప్పేదాకా వీధిలో నిలబడి ఉంటావు. తిను, చల్లారిపోతోంది."

ఇక్కడ ఈ కథ చెప్పే ముసలాడు ఒక సంగతి ఒప్పుకోవాలి. గడ్డిపరకనైనా ముట్టుకోలేదని మొదట్లో గొప్పగా కోసిన కోత ఉంది చూశారూ, అది శుద్ధ అబద్ధం. గడ్డిపరక సంగతేమో గానీ, ఈయన ఒక కిటికీ ఎత్తుకుపోయాడు. పదకొండేళ్ల కిందట, ఆటకి కొత్తగా వచ్చినప్పుడు, ఎవరిదో కిటికీ తీసి తన మొదటి స్టేషన్‌కి తగిలించి, రెండు మరకలు పూసి, తనదే అని చెప్పుకున్నాడు. మూడో రోజున ఒక ఉత్తరం వచ్చింది. 'మీ మరకలు చాలా బాగున్నాయి. కిటికీ నాది. అడిగితే ఇచ్చేవాణ్ణి. పోనీ, ఇప్పుడు అడగండి.' ఈయన సిగ్గుతో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు అడిగాడు. ఒక్క మాటలో జవాబొచ్చింది: 'తీసుకోండి.' ఆ కిటికీ దీపాలాయనదే. ఊరూ పేరూ తెలియని ఆ మనిషి దగ్గర రెండోసారి దొంగ కాలేడు. అదీ సంగతి.

మూడింటికి ప్లీడరు గుమాస్తా పెద్ద కాగితాల దస్తా తెచ్చి బల్ల మీద పడేశాడు. "మూడేసి కాపీలు. ఇవి ఎవరివి, వాళ్లని అడిగారా అని ఇవాళైనా నన్ను అడక్కు స్వామీ! నాకు కాపీలు కావాలి, నీతిబోధ కాదు."

మొదటి కాగితం అద్దం మీద బోర్లించి మూత వేసి బొత్తాం నొక్కాడో లేదో, ఫోన్ మోగింది. కొత్త నంబరు. మూడో ఉత్తరం చివర తన నంబరు రాసిన సంగతి ఆయనే మర్చిపోయాడు.

"దీపం గురించి రాసింది మీరేనాండీ?" అని ఒక ఆడగొంతు.

"నేనేనమ్మా."

"నేను ఆయన భార్యని. మా అమ్మాయి ఇవాళే ఆయన కంప్యూటర్ తెరిచి పెట్టింది. మీ ఉత్తరాలు మూడూ ఇప్పుడే చదివాను. ఆయన పోయి ఎనిమిది నెలలైందండీ."

ఆయన నుదుటి మీది కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. మిషను అడుగున ఆకుపచ్చ వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి పాకి ఆగిపోయింది.

"మీరు... మరకల అన్నయ్యగారే కదూ? మిమ్మల్ని ఆయన కిటికీ దొంగ అనేవారు. ప్రేమగానే లెండి."

"నిజమే కదమ్మా."

"ఆ దీపాన్ని ఇంకా చాలామంది పెట్టుకున్నారా?"

"చాలామందే పెట్టుకున్నారమ్మా."

"దీపం అడుగుతూ మీవి తప్ప ఒక్క ఉత్తరమూ లేదండీ ఇందులో," అంది.

గుమాస్తా ఏదో అనబోయి ఈయన ముఖం చూసి ఆగాడు. మెల్లగా మిషను దగ్గరికి వచ్చి, "నేనే వేసుకోనా?" అని సైగ చేశాడు. ఈయన తలూపి పక్కకి జరిగాడు.

"ఆయన లేరుగా, ఇవ్వడానికి నాకు హక్కుందో లేదో తెలియదు," అందావిడ. "ఒకటి చెప్పండి. మీ స్టేషన్లో దీపం ఎన్నింటికి వెలుగుతుంది?"

"ఆరున్నరకి పెట్టానమ్మా. చీకటి పడే వేళకి."

"కాదు, ఆరింటికి. అది మా వరండాలో దీపమండీ, దాన్ని చూసే గీశారు. నేను పని నుంచి ఆరింటికి వచ్చేదాన్ని. ఎండ కాస్తున్నా సరే, వేసి ఉంచేవారు. కరెంటు దండగని ఎన్నిసార్లు పోట్లాడానో." "ఆరింటికి వెలిగేట్టయితే పెట్టుకోండి."

"అలాగేనమ్మా. ఆరింటికే."

గుమాస్తా కాపీలు వంకరగా వచ్చాయి. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం ఆయన దీపం వెలిగే వేళని ఆరింటికి మార్చి, దీపం పెట్టి, చీటీ రాశాడు: 'దీపం దీపాలాయనది. ఆయన ఇప్పుడు లేరు. ఇచ్చింది ఆయన భార్య. ఆరింటికి వెలుగుతుంది, వేళ మార్చవద్దు. మీకూ కావాలంటే నాతో చెప్పండి, నేను ఆవిణ్ణి అడుగుతాను.' స్టేషన్‌తోపాటు ఆ చీటీ కూడా అందరికీ వెళ్లింది. దుకాణం కట్టేలోగా నలుగురు రాశారు. నాలుగింటిలోనూ ఒకటే మాట: మేం అడగలేదు, మా తరఫున కూడా అడుగుతారా?

ఆయన ఒక రైలుని స్టేషన్లోకి తెచ్చి ఆపాడు. ఆటలో ఆరైంది. పట్టపగలు లాంటి వెలుతురులో, ఎవరికీ అవసరం లేని దీపం వెలిగింది. దాన్ని ఫోటో తీసి ఆవిడకి పంపాడు.

కాసేపటికి అటునుంచి ఒక ఫోటో వచ్చింది. వరండా, సొట్టపడ్డ రేకు గొడుగు, దాని కింద గోడకి ఆనించి ఒక పొట్టి చెక్కపీట. కింద ఆవిడ రాసింది: 'మీట ఎత్తులో ఉంటుంది. ఆయన పొట్టి. నాకు అందుతుంది, అయినా పీట తియ్యలేదు.'

ఆ పీట మీద ఎక్కీ దిగీ అరిగిన రెండు పాదాల గుర్తులు ఉన్నాయి. పీట నిజమే, ఫోటో నిజమే. ఆ రెండు గుర్తులు మాత్రం కథ చెప్పే ఈ ముసలాడు పూసినవి, ఎవరినీ అడక్కుండా.